బాబాయి చేతిలో వాల్యూం

చర్చికి వచ్చేవాళ్ళు దేవుడికి భయపడతారంటారు. ఆ చర్చిలో మాత్రం జనం మైకుకి భయపడేవారు.

"దాని ముందు అబద్ధం నిలవదమ్మా, చూసి మాట్లాడు" అని వెనక బెంచీ మామ్మలు కొత్తవాళ్ళకి ముందే చెప్పి ఉంచేవారు. ఏటా చివరి ఆదివారం కృతజ్ఞతా కూటమి. ఒక్కొక్కరూ లేచి, ఆ ఏడాది దేవుడు తమకు చేసిన మేలు మైకులో చెప్పుకుంటారు; దాన్నే సాక్ష్యం అంటారు. చెప్పేది నిజమైతే గొంతు ఖంగుమని మోగేది. గొప్పలకు పోతే నూతిలోకి దిగిపోయినట్టు సన్నబడిపోయేది. ఒక ఏడు హెడ్మాస్టరుగారు లేచి "ఈ సంవత్సరమంతా నేను ఎవరి మీదా కోప్పడలేదు" అన్నారు. ఆ మాట ఆయన మీసాలు దాటి బయటికి రాలేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చర్చిలో సగం మంది ఉన్నారు. అందరూ తలలు వంచుకుని, ప్రార్థన చేసుకుంటున్నట్టు నవ్వుకున్నారు.

నిజానికి మైకుకి ఆత్మా లేదు, అంతరాత్మా లేదు. దాని వైరు గోడవార పాక్కుంటూ వెళ్ళి, స్తంభం చాటున ఉన్న ఆంప్లిఫయరులో దూరుతుంది. ఆంప్లిఫయరు ముందు ఒక కుర్చీ. కుర్చీలో మైకు బాబాయి. వాల్యూం ఆయన చేతిలో ఉంటుంది. గుట్టంతా అంతే.

బాబాయికి బజారులో రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్టు ఉంది. ఇంటి ముందు గదే కొట్టు. అందులో ఇద్దరు నిలబడితే మూడోవాడు మెట్ల మీద నుంచి మాట్లాడాలి. వెనక గదిలో పిన్ని కుట్టుమిషను. బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ ఆవిడ పొద్దుట మొదలుపెట్టిన మాట సాయంత్రానికి గాని పూర్తిచేయదు. ఆ మాటలన్నీ వినేది బాబాయి వీపు. మొహం మాత్రం విప్పిన రేడియోలోనే ఉండేది. మధ్యమధ్య "ఊఁ" అనేవాడు. పెళ్ళైన కొత్తలో ఆ "ఊఁ"కి పిన్ని పొంగిపోయేది. తరవాత్తరవాత అది ఫ్యాను తిరిగే చప్పుడుతో సమానమైపోయింది.

చర్చిలో ఆ కుర్చీ మాత్రం బాబాయికి సింహాసనం. అబద్ధాలకి వాల్యూం తగ్గించడం తప్పని ఆయనకు ఏనాడూ తోచలేదు. అదీ ఒక సేవే అనుకున్నాడు. "దేవుడికి మైకెందుకు? గుసగుసలాడినా ఆయన వింటాడు. మైకు మనుషుల కోసం. మనుషులు అక్కర్లేనివి వినకపోతే వాళ్ళకే మంచిది" అని పిన్నితో అనేవాడు. తను మాత్రం ఒక్క ఏడూ సాక్ష్యం చెప్పలేదు. "రండి బాబాయ్" అని అయ్యగారు పిలిస్తే, "నేను లేస్తే ఇక్కడెవరుంటారండీ?" అని స్తంభం చాటు నుంచి దణ్ణం పెట్టేవాడు. పాస్టరుగారిని అక్కడ అందరూ అయ్యగారనే పిలుస్తారు. అయ్యగారు నెమ్మదస్తుడు, నవ్వి ఊరుకునేవారు.

ఈ ఏడాది మొదట్లోనే కథ అడ్డం తిరిగింది.

ఒక ఆదివారం అయ్యగారు ప్రసంగం మధ్యలో ఉండగా స్పీకర్లు కీచుమని కూతపెట్టాయి. పసిపిల్లలు ఏడ్చారు. మామ్మలు చెవులు మూసుకున్నారు. జనమంతా స్తంభం వైపు తిరిగారు. బాబాయి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ప్రసంగం బాగుందన్నట్టు తలాడిస్తున్నాడు. అందరూ తన వైపు చూస్తున్నారని గమనించి చిరునవ్వు కూడా నవ్వాడు. చివరికి ఒకాయన లేచొచ్చి భుజం తట్టాల్సి వచ్చింది. "వైరు లూజైంది" అన్నాడు బాబాయి. అప్పటికి అందరూ నమ్మారు.

పిన్ని నమ్మలేదు. ఆ వారంలోనే ఆవిడ పొయ్యి మీద కుక్కరు పెట్టి, "కూతలొస్తే కట్టెయ్యండి" అని చెప్పి పక్కింటికి యూనిఫారం ఇవ్వడానికి వెళ్ళింది. వచ్చేసరికి ఇల్లంతా మాడు కంపు. బాబాయి కుక్కరు పక్కనే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"కట్టమన్నాగా?"

"అదింకా కూతే పెట్టలేదు."

పిన్ని మారు మాట్లాడలేదు. అన్నేళ్ళ సంసారంలో ఆవిడ మాట్లాడకుండా ఊరుకోవడం అదే మొదటిసారి. మర్నాడు ఆయన కొట్టులో పని చేసుకుంటుంటే వెనకాల నిలబడి, మామూలు గొంతుతో, "మీ అక్కగారు వస్తున్నారట. నెల్లాళ్ళు ఉంటారట" అంది. ఆ అక్కగారి పేరెత్తితే చాలు, బాబాయి చేతిలో స్క్రూడ్రైవరు జారిపోవాలి. జారలేదు. పిన్ని ఇంకో అడుగు ముందుకేసింది. "చర్చిలో పెట్టిన మీ ఆంప్లిఫయరు అమ్మేసి నాకో కొత్త మిషను కొనండి."

"అలాగే" అన్నాడు బాబాయి, తల ఎత్తకుండా.

ఆంప్లిఫయరు అమ్మడానికి ఆయన అలాగే అన్నాడంటే ఆ మాట ఆయనకు చేరలేదన్నమాట. వెనక ఏదో శబ్దం అయినట్టు తోస్తే అలాగే అనేస్తున్నాడు. ఆవిడ ముందుకొచ్చి, స్టూలు లాక్కుని, ఆయన ఎదురుగా కూర్చుంది.

"చెవి వినపడట్లేదు కదూ?"

తేలు కుట్టిన దొంగలా బాబాయి కాసేపు రేడియోని చూశాడు, కాసేపు గోడని చూశాడు. "ఎవరితోనూ అనకు" అన్నాడు చివరికి.

చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఎడమ చెవి పూర్తిగా పోయిందని, కుడి చెవి సగం ఉందని, సన్నటి చప్పుళ్ళు ఇక వినపడవని చెప్పాడు. స్పీకర్ల పక్కన కూర్చుని కూర్చుని నరం నీరసించిందట. చెవికి మిషను పెట్టుకుంటే కొంత మేలన్నాడు. బాబాయి ససేమిరా అన్నాడు. "చెవిలో మిషను పెట్టుకున్నవాడికి చర్చి మైకు ఎవరిస్తారే? ఆ కుర్చీ పోతే నేనెవర్ని?" ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూసి పిన్నికి ఏడుపొచ్చింది. కుర్చీ కోసం కాచుకున్నవాడు ఒకడున్న మాట కూడా నిజమే. బట్టల కొట్టువారి అల్లుడు ఆ ఊళ్ళో కాపురం పెట్టిన దగ్గర్నుంచి, "ఇప్పుడన్నీ ఫోన్లోనే బాబాయ్. వేలితో ఇలా అంటే చాలు" అని ఫోను చూపించి మరీ చెబుతున్నాడు. మంచి కుర్రాడే. అదే బాబాయికి మరీ కడుపుమంట.

పిన్ని ఒక రాత్రంతా ఆలోచించి పథకం వేసింది. ఆ ఆదివారం నుంచి వెనక బెంచీలో, మామ్మల పక్కన, స్తంభం చాటు నుంచి ఆయనకు సూటిగా కనపడే చోట కూర్చుంది. కళ్ళజోడు పైకి తోస్తే వాల్యూం పెంచాలి. ముక్కు మీదికి జారిస్తే తగ్గించాలి. తీసి తుడిస్తే స్పీకరు కూతపెడుతోందని అర్థం, వెంటనే పూర్తిగా తగ్గించెయ్యాలి. బాబాయి కళ్ళు ఆవిడ ముక్కు మీద, చెయ్యి వాల్యూం మీద. ఏడాదంతా ఆ చర్చిలో మైకు అలా నడిచింది.

అధికారం ఎవరి చేతికొచ్చినా ఊరుకోదు. పిన్ని మొదట నిజాయితీగానే ఉంది. నెల తిరిగేసరికి పాటల గుంపు పెద్దాయన శ్రుతి తప్పితే కళ్ళజోడు కొంచెం జారేది. ప్రకటనలు చదివేవాడు నసిగితే ఇంకొంచెం జారేది. ఒక ఆదివారం ఇంటి దగ్గర పొయ్యి మీద ఏదో వదిలేసి వచ్చిన గుర్తొచ్చి, అయ్యగారి ప్రసంగానికే కళ్ళజోడు జార్చింది. ఆయన తన గొంతు పోయిందేమోనని మంచినీళ్ళు తాగి, త్వరగా ముగించారు. కానీ పుట్టినరోజులకీ పెళ్ళిరోజులకీ లేచి గొప్పలు చెప్పేవాళ్ళని మాత్రం పిన్ని పోనిచ్చేది. ఆవిడది జాలిగుండె. "మైకుకి ముసలితనం వచ్చింది. ఇదివరకటి పౌరుషం లేదు" అని మామ్మలు విచారించారు.

బాబాయి బాధ వేరు. ప్రతి రాత్రీ మంచం మీద కూర్చుని దేవుడితో తగువు పెట్టుకునేవాడు. ఏడాది మొత్తం వెనక్కి తిరిగి చూసుకుంటే ఆయనకు ఒకటే కనపడేది. "ఎడమది తీసుకున్నావు, సరే. నీదే కాబట్టి తీసుకున్నావు. మరి కుడిదాంట్లో సగం ఎందుకు మిగిల్చావు ప్రభువా? తీసుకుంటే పూర్తిగా తీసుకో, లేకపోతే వదిలిపెట్టు. ఈ అరకొర పని నేను కొట్టులో చేస్తే ఎవరైనా ఊరుకుంటారా?" అనేవాడు. వినపడదు కాబట్టి తనెంత గట్టిగా అంటున్నాడో ఆయనకు తెలియదు. పక్కవాటా వాళ్ళకి కూడా ఆ ప్రార్థన కంఠతా వచ్చేసింది.

ఇలా ఏడాది చివరికొచ్చింది. కృతజ్ఞతా కూటమి అయిపోగానే, కొత్త ఏడాదికి చర్చిలో ఎవరు ఏ సేవ చెయ్యాలో అయ్యగారు ప్రకటిస్తారు. మైకు ఎవరికి అన్న ప్రశ్న ఈసారి ఉందని అందరికీ తెలుసు. ఈ ఒక్కరోజు పొరపాటు లేకుండా గట్టెక్కితే చాలు, కుర్చీ ఇంకో ఏడాది తనదే అని బాబాయి ఆశ. పొద్దున్నే వెళ్ళి వైర్లన్నీ చూసుకున్నాడు. పిన్ని కళ్ళజోడు అద్దాలు తనే తుడిచి ఇచ్చాడు.

కూటమి సాఫీగానే మొదలైంది. హెడ్మాస్టరుగారు లేచారు. పాత అనుభవంతో ఆయన కోపం సంగతి ఎత్తకుండా మోకాళ్ళ నొప్పుల గురించి మాత్రమే చెప్పారు. పాటల గుంపు పెద్దాయన చెప్పాడు. ఇంకెవరో చెప్పారు. కళ్ళజోడు పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది. బాబాయి చెయ్యి దాని వెంటే నడిచింది. ఫరవాలేదు, తాడు తెగలేదు అనుకుంటూ ఆయన తల తిప్పి చూసేసరికి వెనక బెంచీలో పిన్ని లేదు.

నడవలో ఉంది. మైకు వైపు నడిచి వెళుతోంది.

ఆవిడ ఏనాడూ సాక్ష్యం చెప్పినది కాదు. ముందురోజు సాయంత్రం కొట్టులో, ఈమధ్య ఎప్పుడూ లేనిది, ఆవిడ వెనక నిలబడి ఏదో అనడం, తను తిరిగి చూడకుండానే అలాగే అనడం బాబాయికి చప్పున గుర్తొచ్చాయి. దేనికి అలాగే అన్నాడో ఇప్పుడు తెలిసింది.

మామూలుగా అయితే ఆవిడ పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. ఏడాదిగా అదే అలవాటు. ఇప్పుడు పెదాలకి అడ్డంగా మైకు ఉంది. ఆ మైకు అంత ఎత్తులో బిగించింది కూడా తనే. పిన్ని మాట్లాడటం మొదలుపెట్టింది. జనం మొహాలు మారాయి. ఒకళ్ళిద్దరు తిరిగి స్తంభం వైపు చూశారు. తరవాత పది మంది చూశారు. బట్టల కొట్టువారి అల్లుడు నోరు తెరుచుకుని చూశాడు.

చెప్పేస్తోంది. గుట్టంతా రట్టు చేసేస్తోంది.

బాబాయి వేళ్ళు వాల్యూం మీద ఉన్నాయి. ఎడమవైపు ఒక్క తిప్పు. ఎన్నో గొంతుల్ని ఆ ఒక్క తిప్పుతో నూతిలోకి దించినవాడు. ఇంకొక్కటి దించితే కుర్చీ మిగులుతుంది. ఆ తరవాత వైరు లూజైందనొచ్చు. వేళ్ళు ఎడమవైపు కొంచెం కదిలాయి కూడా. అంతలో ఆయనకొక అనుమానం వచ్చింది. ఇది చాలా చిన్న అనుమానం, కానీ పెళ్ళైన దగ్గర్నుంచి ఎప్పుడూ రానిది. ఇంతకీ ఆవిడ ఏమంటోంది?

తెలుసుకోవాలనిపించింది. కుర్చీ కంటే ఎక్కువగా తెలుసుకోవాలనిపించింది. ఆయన వాల్యూం కుడివైపుకి తిప్పాడు. పూర్తిగా తిప్పేసి, పక్కనున్న చిన్న స్పీకరు పెట్టెకి తన కుడి చెవి ఆనించాడు. చర్చి మొత్తం ఒక్క క్షణం కీచుమంది. జనం చెవులు మూసుకున్నారు. ఆయనకా కూత వినపడదు. ఆయనకు వినపడింది పెట్టె చెక్కలోంచి వస్తున్న పిన్ని గొంతు.

"...ఆయన చెవి పోయిందని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మీ చెవులు కూడా ఏడాదంతా బాధపడ్డాయిగా. కుడి చెవిలో సగం ఉంది. అది నిలబెట్టమని నేను రోజూ అడుగుతున్నాను. కానీ నేను లేచింది అందుకు కాదు. పెళ్ళైన దగ్గర్నుంచీ నేను మాట్లాడితే మీ బాబాయిగారు రేడియో వంక చూసి ఊఁ కొట్టేవారు. నేను గోడకి చెప్పుకున్నా ఒకటే, ఆయనకి చెప్పుకున్నా ఒకటే. ఈ ఏడాది నేను నోరు తెరిస్తే చాలు, చేతిలో పని పక్కన పెట్టి నా మొహంలోకి చూస్తున్నారు. మాట అయిపోయేదాకా చూస్తున్నారు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా అలాగే చూస్తున్నారు. నాకు సిగ్గేస్తోంది కూడా. దేవుడు ఆయన దగ్గర తీసుకుని నాకిచ్చాడు. దానికి నేను థాంక్స్ చెప్పుకోవాలి. చెవి బాగుచెయ్యి ప్రభువా అనే ప్రార్థిస్తున్నాను. కంగారేం లేదు, నెమ్మదిగా చెయ్యి అని కూడా అంటున్నాను."

జనం పగలబడి నవ్వారు. బాబాయికి నవ్వు వినపడలేదు. పెట్టెకి చెవి ఆనించి అలాగే ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరకొర పని అని తను రోజూ తిట్టిన ఆ సగం చెవి ఇవ్వాళ అక్కరకొచ్చింది.

అయ్యగారు వాల్యూం తగ్గించమని సైగ చేసి, "రండి బాబాయ్" అని చెయ్యి ఊపారు. ఈసారి "ఇక్కడెవరుంటారండీ" అనడానికి వీల్లేకపోయింది. బట్టల కొట్టువారి అల్లుడు ఫోను పట్టుకుని లేవబోయేలోపే పిన్ని గబగబా వచ్చి ఆంప్లిఫయరు ముందు కుర్చీలో కూర్చుంది. బాబాయి లేచి, రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడం దేనికని, మైకు దగ్గరికి నడిచాడు.

అక్కడ నిలబడటం ఆయనకు కొత్త. అంతమంది మొహాలు ఒక్కసారిగా మీదికొచ్చినట్టయింది. ఇన్నేళ్ళుగా విన్న సాక్ష్యాలన్నీ కలిసి నోట్లోకి వచ్చేశాయి. "దేవునికి స్తోత్రం. నేను ఇన్నేళ్ళుగా ఈ మైకు సేవ నమ్మకంగా చేశాను. ఏ ఒక్కరి గొంతూ తగ్గించలేదు. చిన్నా పెద్దా అని చూడలేదు. ఈ ఏడాది చెవి కొంచెం మందగించినా నేను ఏమాత్రం దిగులు పడలేదు..."

వెనక బెంచీ మామ్మలు ముందుకి వంగారు. ఒకావిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. ఆ పక్కావిడ కూడా పెట్టుకుంది. హెడ్మాస్టరుగారు మెడ చాచారు.

బాబాయికి ఆ వంగడం బాగా తెలుసు. స్తంభం చాటున కూర్చుని ఎన్నోసార్లు తనే వాళ్ళని అలా వంచాడు. ఆయన నెమ్మదిగా ఆంప్లిఫయరు వైపు చూశాడు. పిన్ని తీరిగ్గా పైకప్పు చూస్తోంది. ఒక చెయ్యి వాల్యూం మీద ఉంది. కళ్ళజోడు ముక్కు చివర ఉంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"తగ్గించాను" అన్నాడు. "చాలామందికి తగ్గించాను. హెడ్మాస్టరుగారికి రెండుసార్లు."

పిన్ని చెయ్యి కొంచెం కదిలింది. మామ్మలు కొంచెం వెనక్కి జరిగారు.

"చెవి పోతే దిగులు పడలేదని చెప్పాను. అదీ అబద్ధమే. చాలా భయమేసింది. ఈ కుర్చీ పోతే నన్నెవరు పలకరిస్తారని భయమేసింది. రోజూ దేవుణ్ణి తిట్టాను. ఏడాదంతా మా ఇంటావిడ కళ్ళజోడు చూసి మైకు నడిపాను. ఇన్నాళ్ళూ మీ అందరి గొంతులూ నాకు తెలుసు. ఆవిడ గొంతే నేను సరిగ్గా వినలేదు. ఇవ్వాళ విన్నాను. నేను చెప్పాల్సింది ఇంతే."

తన మాట ఎంత దూరం వెళ్ళిందో ఆయనకు వినపడలేదు. కానీ మామ్మలు చెవుల వెనక నుంచి చేతులు తీసేసి, బెంచీకి వీపు ఆనించి కూర్చున్నారు. ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. హెడ్మాస్టరుగారు లేచి నిలబడ్డారు. కోప్పడబోతున్నారేమో అనుకుంటే, ఆయన రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టారు.

"కొత్త ఏడాది ఆ కుర్చీలో ఎవరుండాలో మీరే చెప్పండి" అన్నాడు బాబాయి.

వెనక బెంచీలోంచి వేళ్ళన్నీ ఒక్కసారే లేచాయి. అన్నీ పిన్ని వైపే ఉన్నాయి. అయ్యగారు కూడా తలాడించారు. స్పీకర్లు ఎక్కించడానికి, వైర్లు లాగడానికి బట్టల కొట్టువారి అల్లుణ్ణి పెట్టారు. అతనికి అదే సంతోషం.

బాబాయి స్తంభం దగ్గరికి వచ్చేసరికి పిన్ని తన పక్కన ఇంకో కుర్చీ లాగి ఉంచింది. ఇప్పుడు పెదాలకి మైకు అడ్డం లేదు. ఆయన నిలబడి ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఇక్కడ కూర్చుని, నాకు ఈ బటన్లన్నీ నేర్పిస్తారా? వారం తిరక్కుండా చెవికి మిషను పెట్టించుకుంటారా?"

మాట పూర్తిగా అయ్యేదాకా ఆగి, "అలాగే" అన్నాడు బాబాయి.